గేదె పాటలో నా ‘ఊ’

నేను చేసిన కళాసేవ అంతా కలిపి ఒక్క అక్షరం. అది ‘ఊ’. అచ్చుల్లో ఆరోది. కొందరు కావ్యాలు రాస్తారు, కొందరు కనీసం నాలుగు పద్యాలు కంఠతా పడతారు. నేను ఆరో అక్షరం దగ్గరే ఆగిపోయాను. ఆ ఒక్కదాన్ని కూడా పలకాల్సిన చోట పలకలేకపోయాను. ఆ సంగతే రాస్తున్నాను.

మా వైపు కథ చెప్పేవాడు ఒక్కడే ఉంటే కథ నడవదు. ఎదురుగా ఊ కొట్టేవాడు ఉండాలి. పిల్లలకి కథ చెప్పే మా నాయనమ్మ కూడా మధ్యలో ఆపేసి, “ఊ కొట్టరేటర్రా, సచ్చీపోనారేటి అందరూ?” అనేది. ఎవడో ఒకడు ఊ అంటే తప్ప కథలో రాజు గుర్రం దిగేవాడు కాదు. జముకుల కథ చెప్పేవాళ్ళకి ఇది మరీ నిష్ఠ. అడుగున తోలు బిగించి, మధ్యలో తీగ లాగి వాయించే ఆ జముకు పక్కన వంత పాడేవాడు ఒకడు నిలబడి “ఊ... ఆపైనేటైనాది?” అని అడగాలి. అడిగితేనే ముందుకి. అడగకపోతే, రాజు గుర్రం మీదే ఉంటాడు.

నేను వంత పాడింది జముకుల కథకి కాదు, ఒక గిటారుకి.

ఆ గిటారు ఆయన్ని ‘పాటల బావ’ అంటాను ఇక్కడ. నిజానికి ఆయన నాకు బావ కాడు. వాళ్ళు నెల్లిమర్లలో మిషన్ చర్చికి వెళ్ళే కుటుంబం. మేము పక్క ఊళ్ళో వరీ నువ్వులూ పండించుకునేవాళ్ళం. ఎంత లాగినా వరస కలవదు. కానీ మా జిల్లాల్లో ఇద్దరు కుర్రాళ్ళు ఒక బీడీ పంచుకుంటే బావలైపోతారు. మేము రెండు పంచుకున్నాం.

ఆయనకి గిటారు చర్చిలో వచ్చింది. ఆరు తీగల గిటారుకి నాలుగు తీగలే మిగిలి ఉండేవి. ఆ నాలుగింటి మీదే ఆదివారం కీర్తనలు వాయించేవాడు. తక్కిన ఆరు రోజులూ జూట్ మిల్లులో మగ్గం దగ్గర పని. మగ్గం చప్పుడుకి తాళం కట్టి సొంతంగా పాటలు అల్లేవాడు. వాటికి జముకుల కథ బాణీలు పట్టి, గిటారు మీద వాయించేవాడు. చర్చి పెద్ద ఒకాయన అది విని, “గిటారు మారుమనసు పొందినాది గాని నువ్వింకా పొందనేదురా” అన్నాడట. ఆ మాట మా బావ అందరికీ తనే చెప్పుకుని నవ్వేవాడు.

ఆయన పాటల్లో అన్నిటికన్నా పెద్దది గేదె పాట. వాళ్ళమ్మ సంతలో గేదెని అమ్మేస్తుంది. కొన్నవాళ్ళది చంపావతి అవతలి ఊరు. తోలుకుపోతారు. సాయంత్రానికి గేదె ఏరు ఈదుకుంటూ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడుతుంది. మళ్ళీ తోలుకుపోతారు, మళ్ళీ వస్తుంది. ఆవిడ దాన్ని తిడుతుంది, కడుపునిండా కుడితి పెడుతుంది, మళ్ళీ తిడుతుంది. పాటంతా అంతే.

“సంపావతి ఒడ్డుకాడ సంత జరిగినాది,
సంతలోన మా యమ్మ గేదెనమ్మినాది...”

ఇక్కడ ఆగి, గడ్డం ఎడమవైపు తిప్పి నాకేసి చూసేవాడు. నేను “ఊ” అనాలి. ఇది మామూలు ఊ. విన్నాను, చెప్పు, అని.

“ఏటికావలోలు దాన్ని తోలుకెలిపోనారు...”

ఇప్పుడు ఇంకో ఊ. ఇది కొంచెం కిందకి దిగాలి. అయ్యో అనకుండా అయ్యో అనాలి.

“పొద్దుగూకే యేల కది ఈదుకొచ్చినాది!”

ఈ ఊ పైకి లేవాలి. నిజమా అని కనుబొమలతో సహా లేవాలి. ఇలా పాట మొత్తానికి ఇరవై దాకా ఊలు. ఏదీ ఇంకోదానిలా ఉండదు. ఒకటికీ ఒకటికీ మధ్య ఎంతసేపు ఆగాలన్నది ఎవరూ రాసిపెట్టలేదు. గేదె ఏటి మధ్యలో ఉన్నప్పుడు ఒక్కోసారి ఆయన చాలాసేపు ఆగేవాడు. నేనూ ఆగేవాణ్ణి. జనం నోళ్ళు తెరుచుకుని చూసేవారు. అప్పుడు నేను మెల్లిగా “ఊ...?” అంటే గేదె ఒడ్డెక్కేది. గేదెని ఒడ్డెక్కించేది నేనేనని నాకు లోలోపల గర్వం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ వయసులో నాకున్న ఆస్తి అదే.

తర్వాత నాకు విజయనగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా ఉద్యోగం వచ్చింది. గమకాలవాడు గుమస్తా అయ్యాడని మా బావే అందరికన్నా ముందు ఏడిపించాడు. ఉద్యోగం వచ్చినా సెలవు రోజుల్లో ఆయనతో వెళ్తూనే ఉన్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడో మూడో ఏడో, ఒక ఊళ్ళో అమ్మవారి పండగకి మా పాటలు పెట్టారు. మధ్యాహ్నం దాటాక మొదలు. నేను కొంచెం ఆలస్యంగా, ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాను. వేదిక ముందు వేసిన కుర్చీల్లో మా ఆఫీసరుగారు కూర్చుని ఉన్నారు. ముఖ్య అతిథిట. నన్ను చూసి, “నువ్వూ వచ్చావా! రావయ్యా, కూర్చో” అని పక్క కుర్చీ చూపించారు. గుమస్తాకి ఆఫీసరు పక్కన కుర్చీ! అలాంటి కుర్చీ మా వంశంలో ఎవరూ ఎక్కలేదు. కూర్చున్నాను. పాట మొదలవగానే లేచి వేదిక మీదికి వెళ్దామనుకున్నాను. లేవడం ఎంతసేపు?

పాట మొదలైంది. ఆఫీసరుగారు అప్పుడే ఏదో ఫైలు సంగతి ఎత్తారు. మా బావ సంత జరిపాడు, గేదెని అమ్మాడు, ఆగాడు. ఎడమవైపు తిరిగాడు. అక్కడ నేను లేను. జనంలో వెతికి, ముందు వరసలో నన్ను పట్టుకున్నాడు. గడ్డం అలాగే ఎత్తి ఉంచి, నవ్వుతూ చూశాడు. కుర్చీలో కూర్చునే ‘ఊ’ అనొచ్చు. నోరు నాదే. ఊ అనడానికి వేదిక అక్కర్లేదు.

నేను చేతిలోని టీ గ్లాసులోకి చూశాను.

ఆయన కదల్లేదు. ఊ రానిదే ఎలా కదుల్తాడు? “ఏమయ్యా, ఆగిపోయాడేం? నీకు తెలిసినవాడా?” అన్నారు ఆఫీసరుగారు.

“తెలీదండి” అన్నాను.

వెనక నుంచి ఎవడో అరిచాడు. “ఎవులైనా ఊ అనండర్రా, గేది ఏట్లో ములిగిపోతంది!” జనం గొల్లుమన్నారు. ఆ తర్వాత పదిమంది పది రకాల ఊలు అన్నారు. ఒకడు గేదెలా అరిచాడు. మా బావ కాసేపు నవ్వుతూనే నిలబడి, గిటారు మెడలోంచి తీసి, అందరికీ దణ్ణం పెట్టి దిగిపోయాడు. నేను ఆఫీసరుగారితో ఫైలు గురించి మాట్లాడుతూనే ఉన్నాను. ఆ ఫైలేమిటో ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఒరే అంటే ఒరే అనుకుని, నాలుగు రోజులు మూతులు ముడుచుకుని, ఐదో రోజుకి తేలిపోయేది. మా వైపు తిట్టుకోవడమంటే సగం సర్దుకోవడమే. తిట్టలేదు కాబట్టి సర్దుకోనూ లేదు. మళ్ళీ పాటకి రమ్మని పిలవలేదు, నేనూ వస్తానని అనలేదు. నెల్లిమర్లకీ విజయనగరానికీ ఆటోలో అరగంట. ఆ అరగంట దాటడానికి నాకు ముప్ఫై ఏళ్ళకి పైనే పట్టింది. పెళ్ళిళ్ళలో కనబడితే “బాగున్నావా బావా?” “ఏదో, బాగున్నాను బావా.” అంతే. ఈలోగా నేను ఆఫీసులో ఊ కొడుతూ బతికాను. వచ్చిన ప్రతి ఆఫీసరుకీ కొట్టాను. ఆ ఊకి పైకీ కిందకీ పోయే పని ఉండదు. తిన్నగా ఉంటుంది, రూళ్ళ కర్రలాగ. దానికే పదోన్నతులు కూడా ఇచ్చారు. ఆఖరికి విరమణ ఇచ్చారు. మా బావ పాటలో విరామం నేనే అయిన రోజులు అప్పుడప్పుడు గుర్తొచ్చేవి.

నిరుడు వానలు వెళ్ళాక ఒక ఉదయం ఫోను మోగింది.

“బావా, నానే.”

“ఏటి బావా, ఇన్నాళ్ళకి!”

“ఆల్బమ్ సేస్తన్నాం.”

“ఎవుల పెళ్ళిది?”

“పెళ్ళి నీకా నాకా ఈ వయసులో? పాటల ఆల్బమ్ బావా. ఎచ్చెర్లలో సదువుకున్న గుంటలు నలుగురు సీకాకుళంలో బ్యాండెట్టినారు. కరెంటు గిటారు, డ్రమ్ములు, అన్నీ ఉన్నాయి. నా పాటలన్నీ రికాడు సేస్తారంట. రూట్స్ రాక్ అంతన్నారు.”

“అంటే ఏటి?”

“నాకేటి తెల్సు? నలబై ఏళ్ళబట్టి నాను సేస్తన్నదానికి ఇప్పుడు పేరెట్టినారు. ఏళ్ళు, రాయి అని ఆల్లో ఒక గుంట సెప్పినాది.”

వేళ్ళు, రాయి. రాతిలోకి వేళ్ళు దింపి కాయ కాయడం మా ఉద్దానం జీడిచెట్లకి తెలిసిన విద్య. ఆ మాట పైకి అందామనుకున్నాను. ఈలోగా ఆయనే అసలు మాట ఎత్తాడు.

“గేదె పాట ఉన్నాది బావా. అది నువ్వు నేకపోతే అవ్వదు. సోమారం బేగొచ్చీ.”

ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ మాట. ఏం జరగనట్టే, నిన్నటి పాట మానేసి సోమవారానికి పెట్టుకున్నట్టే. “తప్పకుండా వస్తాను బావా” అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఫైళ్ళు నా యాసని ఎప్పుడో సాపు చేసేశాయి.

ఆ రోజు నుంచి స్నానాల గదిలో సాధన మొదలెట్టాను. మామూలు ఊ. దిగే ఊ. లేచే ఊ. గేదె ఒడ్డెక్కే ఊ. తలుపవతల మా ఆవిడ నిలబడింది.

“ఏటండీ, కడుపులో నొప్పా?”

“పాటకి సాధన.”

“మరి పాటేదండీ? ములుగులే వినబడతన్నాయి.”

“ఇది వంత. ఊ అనాలి.”

“పెళ్ళైనకాడ్నుంచి నా మాటలన్నిటికీ ఊ అంతనే ఉన్నారు కదా. ఆ ఊ పనికి రాదేటి?”

“ఆ ఊ వింటే మనిషి మాట్లాడ్డమే మానేస్తాడే.”

“నాను మాననేదు కదా” అని వెళ్ళిపోయింది. సాధన మాత్రం ఆగిపోయింది. ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం. ఎన్ని రకాలుగా అన్నా అన్నీ ఆఫీసు ఊలుగానే తేలుతున్నాయి. సంతకం పెట్టినట్టుంది, సందేహం లేదు.

మొదటి సోమవారం గొంతు బాగోలేదని ఫోను చేశాను. “మిరియాల కసాయం తాగు బావా. వచ్చే సోమారం సూద్దాం” అన్నాడు. రెండో సోమవారం దగ్గర బంధువు పోయాడన్నాను. ఆ బంధువు ఇప్పటికీ శుభ్రంగా ఉన్నాడు, ఆయనకి ఈ సంగతి చెప్పకండి. “అయ్యో, ఎల్లి రా” అన్నాడు. మూడో సోమవారం నిజంగానే బస్సెక్కాను. శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగి, అడ్రసు అడిగి, ఆ వీధి మొదలు దాకా నడిచాను. అక్కడ టీ కొట్టు ఉంది. ఒక టీ తాగి వెళ్దామనుకున్నాను. తాగాను. ఇంకోటి తాగాను. లోపల ఆయన గడ్డం ఎడమవైపు తిప్పి నాకేసి చూస్తాడు. నేను ఊ అనాలి. ఆ చూపు దగ్గర ఆ కుర్చీ, ఆ టీ గ్లాసు, ఆ ‘తెలీదండి’ మూడూ కలిసి నాకన్నా ముందే వెళ్ళి కూర్చున్నాయి. బస్సెక్కి తిరిగొచ్చేశాను. నాకు ఫోను రాలేదు. నేనూ చెయ్యలేదు.

రెండు వారాలు పోయాక నేనే చేశాను.

“అయిపోనాది బావా, రికాడు” అన్నాడు. “నీ ఒంట్లో బాగుంటే సాలు.”

ఒక్క ఎత్తిపొడుపు లేదు. అదే గుచ్చుకుంది.

మర్నాడు ఆయనకి తెలియకుండా శ్రీకాకుళం వెళ్ళాను. ఇంకా ఏమైనా చెయ్యొచ్చేమోనని ఆశ. ఈసారి టీ కొట్టు వైపు చూడకుండా దాటాను. స్టూడియో అంటే ఏదో అనుకున్నాను. ఒక మేడ మీద గది. బయటి చప్పుడు రాకుండా నాలుగు గోడలకీ పాత చీరల బొంతలు వేలాడదీశారు. చలిజ్వరం వచ్చినవాడి గదిలా ఉంది. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి బ్యాండులో గిటారు వాయిస్తుందిట, రికార్డింగూ తనే చూస్తుందిట. నేనెవరో చెప్పాను.

“మీరేనా మావయ్యా! ఆయన రోజూ మీ గురించే చెప్పేవారు” అంది. నేను కుర్చీ కోసం చూశాను. ఆ గదిలో నాకు కుర్చీ వేసింది ఆ అమ్మాయే. ఆఫీసరుగారి పక్కన కూర్చున్న కుర్చీ కన్నా ఇది ఇబ్బందిగా ఉంది.

“గేదె పాట ఎలా వచ్చిందమ్మా?”

“మొదట్లో రాలేదండి. వినిపించనా?” అని, చెవులకి పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లు ఇచ్చింది. ముందు పెట్టింది మొదటి సోమవారం రికార్డు చేసిన పాట. పక్కన పెట్టేశారుట, కానీ చెరిపెయ్యలేదు.

మా బావ గొంతు చెవిలోపలే వినిపించింది. ముసలిదైంది. అంచులు అరిగాయి, నడుమ అలాగే ఉంది. సంత జరిగింది. గేదెని అమ్మింది. తర్వాత ఏమీ లేదు. ఊపిరి చప్పుడు, ఎక్కడో ఫ్యాను చప్పుడు. ఆ ఏమీ లేనితనం అలా సాగుతూనే ఉంది. ఎవరో అడిగారు, “తాతగారూ, తర్వాత లైనుకి వెళ్ళిపోదామా?” అని. ఆయన గొంతు: “ఆగండర్రా. ఆడొస్తాడు.”

రెండో సోమవారం తీసింది పెట్టింది. సంత, గేదె, ఖాళీ. ఈసారి ఖాళీ కొంచెం చిన్నది. బ్యాండులో ఎవరో ఊ అన్నారు. “అలగ కాదు బాబూ, నువ్వు క్లాసులో హాజరు పలికినట్టు పలికినావు” అన్నాడు మా బావ. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది కూడా, హెడ్‌ఫోన్లు బిగుతుగా ఉన్నాయని సర్దిచెప్పాను.

“మూడోది?” అన్నాను.

“మూడో సోమవారం మీరు రాలేదు కదండీ, క్లిక్ పెట్టాం” అంది ఆ అమ్మాయి. “చెవిలో టక్ టక్ అని గడియారంలా కొడుతుంది. దాని లెక్కలో పాడితే డ్రమ్ములు, గిటారు తర్వాత ఎప్పుడైనా అతికించుకోవచ్చు. ఆయనకి మొదట కుదర్లేదు. ప్రతి లైను దగ్గరా ఆగిపోయేవారు. ఆ టక్ టక్‌ని ఫోనులో వేసిమ్మన్నారు. నెల్లిమర్ల నుంచి వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ బస్సులో చెవిలో పెట్టుకుని సాధన చేశారు. ఈ వయసులో ఎవరు చేస్తారండీ? చివరికి ఒక్క టేకులో పాడేశారు.”

వాళ్ళ తప్పేం లేదు. ఎంతో ముద్దుగా చూసుకున్నారు ఆయన్ని.

“ఇప్పుడు నేను ఊ అంటే కలపొచ్చా అమ్మా?”

ఆ అమ్మాయి తెర మీద పాటని చూపించింది. గొంతు, గిటారు, డ్రమ్ములు రంగురంగుల పట్టీల్లా పక్కపక్కనే ఒత్తుగా ఉన్నాయి. “కలపొచ్చు మావయ్యా. కానీ ఖాళీ లేదు కదా. ఎక్కడ పెట్టమంటారు?”

చాలా మర్యాదగా అడిగింది. నాకు తెలిసిన మేరకు మూడు దశాబ్దాల ఉద్యోగంలో నన్ను ఎవరూ ఇంత సరైన ప్రశ్న అడగలేదు.

ఆల్బమ్ వచ్చింది. బాగుంది. ఇది సరిపెట్టుకోవడానికి అంటున్న మాట కాదు. మిల్లు కూత మీద ఒక పాట ఉంది. ఆ కూతని కరెంటు గిటారు మీద పలికించారు, వింటే కాళ్ళు వాటంతటవే షిఫ్టుకి బయల్దేరతాయి. కళింగపట్నంలో ఇసుక మీద చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ మీద ఒకటుంది. అందులో జముకు, డ్రమ్ములు ఒకదాన్నొకటి బావా మరదళ్ళలా కవ్వించుకుంటాయి. మా వీధి టీ కొట్టులో కుర్రాళ్ళు ఫోనులో పెట్టుకుని తలలూపుతున్నారు. “ఈయన మనోడేనంట గురూ, నెల్లిమర్ల!” అనుకుంటున్నారు. నేను పక్కనే కూర్చుని, ఆయన నాకు తెలుసు అనబోయి, ఆ మాట అనే హక్కు ఎప్పుడు పోగొట్టుకున్నానో గుర్తొచ్చి టీ తాగాను.

గేదె పాట నాలుగు నిమిషాలు. మా రోజుల్లో ఏరు దాటడానికే అంతసేపు పట్టేది. ఇప్పుడు గేదె మరపడవ ఎక్కినట్టు దాటేస్తోంది. వినేవాళ్ళకి ఏ లోటూ లేదు. అందులో ఇంకొకడి చోటు వెతుక్కునే చెవులు రెండే జతలు.

ఒక జత నాది కాబట్టి రెండో జత దగ్గరికి వెళ్ళాను.

ఆదివారం, చర్చి అయ్యాక. మా బావ అరుగు మీద కూర్చుని గిటారు వాయించే చేతి గోళ్ళు బ్లేడుతో సాపు చేసుకుంటున్నాడు. వాళ్ళావిడ గుమ్మంలోంచి చూసి, “ఓలమ్మ! దారి తప్పినారేటి అన్నయ్యా?” అంది.

“దారి ఇప్పుడే దొరికినాదమ్మా” అన్నాను. ఎన్నాళ్ళకో నా నోట ఆ ‘నాది’ వచ్చింది.

మా బావ బ్లేడు పక్కన పెట్టి, అరుగు మీద చోటు చూపించాడు. ఆల్బమ్ బాగుందన్నాను. ఏ పాట బాగుందన్నాడు. అన్నీ అన్నాను. “నువ్వింకా ఆఫీసులోనే ఉన్నావు బావా” అన్నాడు.

ఎక్కడ మొదలెట్టాలో తెలియక చివరి నుంచి మొదలెట్టాను. “మూడో సోమారం నేను సీకాకుళం వచ్చాను బావా. వీధి మొదట్లో టీ తాగి ఎలిపోయాను.”

“ఎన్ని టీలు?”

“రెండు.”

“ఆడు నీళ్ళెక్కువ పోస్తాడు” అన్నాడు.

“పండగనాడు కుర్చీలో...”

“సూసినాను కదా బావా. నువ్వు నోరు తెరిసినావు. ఆ గోలలో ఇనపడనేదంతే. ఇన్నాళ్ళూ నాను అలగే సెప్పుకుంటన్నాను.”

ఊరుకుంటే ఆ మాట అలాగే నిలబడిపోతుంది. అది నాకు చాలా సుఖమైన అబద్ధం, అందులోనూ ఆయన చేత్తో చేసి పెట్టింది.

“తెరవనేదు బావా” అన్నాను.

“తెల్సు” అన్నాడు.

లోపల్నుంచి చేపల పులుసు వాసన వస్తోంది. ఆయన మళ్ళీ గోళ్ళకేసి చూసుకున్నాడు. కోపంగా లేడు. ఉంటే బాగుండునని నాకే అనిపించింది.

“ఒక్కసారి పాడు బావా. నాను ఊ అంతాను. రికాడుకి కాదు. ఊరికే.”

నాకేసి చూశాడు. లోపలికి వెళ్ళి గిటారు తెచ్చాడు. నేను ఆయనకి ఎడమవైపు జరిగి కూర్చున్నాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాను, నోటి పరీక్షకి వచ్చినవాడిలాగ.

సంత జరిగింది. వాళ్ళమ్మ గేదెనమ్మింది. ఊపిరి తీసుకుని “ఊ” అన్నాను. మంచి ఊ. స్నానాల గదిలో ఎన్నడూ రానిది, ఎక్కడ దాక్కుందో అప్పుడొచ్చింది. కానీ అది గాల్లోకి వెళ్ళేసరికి ఆయన “ఏటికావలోలు” దాకా వెళ్ళిపోయాడు. నా ఊ ఆ మాట మీద పడింది. ఇద్దరం ఆగాం.

“మళ్ళీ” అన్నాడు.

మళ్ళీ. ఈసారి నేను తొందరపడ్డాను. గేదెని ఇంకా అమ్మకముందే ఊ అనేశాను. నవ్వుకున్నాం. మూడోసారి ఆయన ఆగడానికి ప్రయత్నించాడు. నిజంగా ప్రయత్నించాడు. గడ్డం ఎత్తాడు, పెదాలు బిగించాడు, చూస్తున్నాను, నాకోసం లోపల ఏదో పట్టి ఆపుతున్నాడు. కానీ కాలి బొటనవేలు అరుగు మీద టక్ టక్ కొడుతూనే ఉంది. ఆ వేలు లాక్కుపోయినట్టు గొంతు ముందుకు వెళ్ళిపోయింది. నా ఊ వెనకబడి, గేదెని తోలుకెళ్ళినవాళ్ళ దుమ్ములో నిలబడింది.

ఆయన గిటారు తీగల మీద చెయ్యి వేసి చప్పుడు ఆపాడు.

“పోనీ బావా” అన్నాడు. “నీ తప్పు కాదు. నాకే ఆగడం పోనాది.”

నా తప్పు కాదని ఎవరైనా అంటే సంతోషించే వయసు ఇది. సంతోషించలేకపోయాను. ముప్ఫై ఏళ్ళు ఆ ఖాళీని ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకున్నాడు. ఆఖరికి మూడు సోమవారాలు ఎదురుచూసి, బస్సులో కూర్చుని, పాఠం నేర్చుకున్నట్టు నేర్చుకుని మరీ దాన్ని పూడ్చుకున్నాడు. పూడ్చినవాడికి ఇప్పుడు తవ్వడం రావట్లేదు.

“నువ్వు వద్దులే. ఉత్తినే ఇను” అని మళ్ళీ మొదలెట్టాడు. నేను పెదాలు బిగించుకుని కూర్చున్నాను. వంతవాడిగా ఆ పాటని వందసార్లు పాడాను గానీ వినలేదు. ఎప్పుడూ తర్వాతి ఊ గురించే ఆలోచన. ఇప్పుడు విన్నాను. ఆపకుండా, అడ్డు రాకుండా, ముందు నుంచి చివరి దాకా. మంచి పాట. నేను లేకుండానే మంచి పాట.

లోపల కంచాలు పెడుతున్న చప్పుడైంది. మా బావ గిటారు గోడకి ఆనించాడు.

“తిని ఎల్తావా?”

తింటానన్నాను.